పదకొండో పరీక్ష

ఖతార్ దేశంలోని దుఖాన్ అనే చమురు ఊళ్ళో ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో, కొలతకు లొంగనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. కంపెనీలో ప్రెషర్ గేజీలు సరిచూడటం నా పని. క్వార్టర్‌కు వచ్చాక అన్నం ఎన్ని నిమిషాలకు ఉడికిందో కూడా డైరీలో రాసేవాణ్ణి. (ఆ డైరీలన్నీ భద్రంగా ఉన్నాయి. మా ఆవిడ లెక్కలో అవి చెదపురుగుల ఆస్తి.) నా గదిలో ఉండే భీమవరం మిత్రుడు నాకు పూర్తిగా విరుద్ధం. ఒక అమెరికా ఫోర్‌మన్ దగ్గర గిటారూ, కంట్రీ పాటలూ (అంటే వాళ్ళ పల్లెపాటలు) నేర్చుకుని, ఆ బాణీలకు తెలుగు మాటలు కట్టి పాడేవాడు. అతనికి పాలకొల్లు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి చర్చి క్వయర్‌లో పాడుతుంది. "ఫొటోలో అందరూ బాగానే ఉంటారు. గిటారు వాయిస్తూ పాడి క్యాసెట్ పంపమనండి, విన్నాక చెబుతాను" అందట. నెలలోపు అందకపోతే ఇంకో సంబంధం చూసుకుంటామని వాళ్ళ నాన్నగారి తాఖీదు.

"ఒరే డైరీ, నా పెళ్ళి నీ చేతుల్లో ఉందిరా" అన్నాడు. అంతే, కంపెనీ క్లబ్బు నుంచి రెండు మైకులు అడిగి తెచ్చాను. ఒకటి స్టేజీ పాటగాళ్ళు పట్టుకునే లావుపాటిది, రెండోది సన్నటిది, చీమ తుమ్మినా పట్టేస్తుంది. లావుదాన్ని నోటి దగ్గర, సన్నదాన్ని గిటారు దగ్గర పెట్టాను. గొంతు మైకులో గిటారు, గిటారు మైకులో గొంతు దూరి, మొత్తం బానలో తలపెట్టి పాడినట్టు వచ్చింది. తారుమారు చేస్తే అతని ఊపిరి గాలివానలా వినిపించింది. మోత పడకూడదని ఏసీ ఆపించాను. ఆగస్టు నెల. చెమటకు వేళ్ళు జారాయి, తీగలు శ్రుతి తప్పాయి. ప్రతి పాటకూ ముందు, లెక్క తప్పకుండా, టేపులోనే గంభీరంగా ప్రకటించేవాణ్ణి: "పరీక్ష పది. సన్న మైకు ఒక్కటే. గడ్డానికి పద్నాలుగు అంగుళాలు."

"యల్లా, త్వరగా కానీరా బాబూ! ఈలోపు ఆ అమ్మాయికి మనవలు పుట్టేస్తారు!"

"కదలకు. అరంగుళం జరిగావు."

పదకొండోసారి అతని ఓపిక అయిపోయింది. ఏసీ వేసేసి, మంచం మీద బాసింపట్టు వేసుకుని, సన్న మైకు ఎదురుగా ఎక్కడో ఉండగానే, నా మొహం చూసి నవ్వుతూ పాడేశాడు. డైరీలో ఇలా రాశాను: "ఏసీ మోత. మధ్యలో నవ్వు. పనికిరాదు." పన్నెండోది లక్షణంగా కుదిరితే దాన్ని వేరే క్యాసెట్‌లో ఎక్కించాను.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను ఈల వేస్తున్నాడు. "లీవు మీద ఊరెళ్ళేవాడు దొరికాడురా, క్యాసెట్ ఇచ్చేశాను."

"ఏ క్యాసెట్?"

"బల్ల మీదది."

"అది పరీక్షలదిరా! మంచిది నా బీరువాలో ఉంది!"

మూడు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయి ఉత్తరం వచ్చింది. "పదకొండో పరీక్షలో నవ్వారు కదా, ఆ మనిషి నాకు సమ్మతం. మిగతావన్నీ ఎవరో మాస్టారికి భయపడి పాడినట్టున్నాయి. ఆ అంగుళాల అన్నయ్య పెళ్ళికి తప్పకుండా రావాలి, కొలబద్ద మాత్రం తేకూడదు."

ఇప్పుడు నేను దోహాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మొన్న శుక్రవారం ఇక్కడే మెసైమీర్ పేటలో ఆ దంపతులను వాళ్ళ కూతురింట్లో కలిశాను. అతను గిటారు తీశాడు. ఆమె ఫోను పట్టుకుని, "అన్నయ్యా, ఎంత దూరంలో పెట్టమంటారు?" అంది నవ్వు ఆపుకుంటూ.

"నీకెక్కడ తోస్తే అక్కడ పెట్టమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను: "పాట చాలా బాగుంది. దూరం కొలవలేదు." కాసేపాగి, పక్కనే చిన్న అక్షరాల్లో, "సుమారు పదహారు అంగుళాలు."