కౌంటు పెరిగిన రోజు

మా మనవరాలికి ఏడో ఏడు నడుస్తుండగా రక్తంలో కేన్సర్ అని తేలింది. విశాఖపట్నంలో వైద్యం. మందెక్కించినప్పుడల్లా అయిదారు రోజులు అక్కడుండి, కోటబొమ్మాళి దగ్గరున్న మా ఊరికి తెచ్చేసుకునేవాళ్ళం. ఆ మందు చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ చంపేస్తుందట. జబ్బుల్ని ఆపే తెల్లకణాలు పడిపోతాయి, అవి మళ్ళీ పుట్టుకొచ్చేదాకా పిల్లని గుడ్డులా చూసుకోవాలి అని డాక్టరు చెప్పాడు. ఆ కణాల లెక్కనే మేం కౌంటు అనేవాళ్ళం. నేను చదివింది నాలుగో తరగతే గానీ, ఆ పిల్ల కౌంటులన్నీ ఈ రోజుకీ వరసగా చెప్పగలను. మొదటిసారి పడిపోయినప్పుడు రెండు వందల నలభై. వారానికి మూడు వందల పది. ఆ తర్వాత మళ్ళీ నూట తొంభై.

నా కోడలు నా తమ్ముడి కూతురే. చిన్నప్పుడు నా చేతిముద్దలు తిన్న పిల్ల. ఆ రోజుల్లో ఇంటిని ఆస్పత్రి చేసేసింది. కాచిన నీళ్ళు, అప్పుడే దించిన అన్నం, గుమ్మం దగ్గర సబ్బు. పొలం నుంచి వచ్చిన నా కొడుకు స్నానం చేసి బట్ట మార్చుకుంటే గానీ కన్నకూతురి గదిలోకి పోనిచ్చేది కాదు. చుట్టాలు పలకరించడానికి వస్తే వీధిలోంచే పంపేసేది. వాళ్ళు మొహాలు మాడ్చుకుని పోతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి ఆ మాటే అంటే, "నీకు సుట్టాలు కావాలా, మనవరాలు కావాలా అత్తా?" అంది.

అలా ఉండగా వెనక వీధిలో, నాకు వదిన వరసయ్యే ఆవిడ మనవరాలికి అమ్మవారు పోసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటే విన్నాను. మా వైపు దాన్ని జబ్బనరు. తల్లి ఇంటికొచ్చింది అంటారు. గుమ్మానికి వేపాకు కట్టి, పోపు మాని, తల్లి చల్లబడేదాకా ఆ మాట బయట ఎత్తరు. ఎత్తితే తల్లికి కోపమని మా అమ్మ నేర్పింది, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది. కోడలు గడప దాటదు కాబట్టి తనకి తెలీదు. నేనూ చెప్పలేదు.

వేపాకు వేసి తలకి మూడో నీళ్ళు పోసిన రోజున తల్లిని సాగనంపినట్టు. పెరుగన్నం, చలివిడి చేసి, అమ్మవారు పోసిన బిడ్డ చేతే నాలుగిళ్ళకీ పంచిపెట్టిస్తారు. ఇచ్చింది వద్దనకూడదు. ఆ రోజు పొద్దున్న కోడలు పిల్ల రక్తం రిపోర్టు కోసం కోటబొమ్మాళి వెళ్ళింది. వదిన మనవరాలి చేత గిన్నె పట్టించుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నేను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాను. ఇంతలో ఆ పిల్ల నా పక్క నుంచి లోపలికి దూరిపోయింది. ఇద్దరిదీ ఒకటే బడి, ఒకటే బెంచీ. నాలుగు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మా పిల్ల మూతికున్న గుడ్డ కిందకి లాగేసి, కొత్తగా ఊడిన పన్ను చూపిస్తోంది. ఆ పిల్ల దీని గుండు నిమిరి నవ్వుతోంది. చెవి కింద దానికి ఇంకా రెండు పొక్కులు పచ్చిగానే ఉన్నాయి. చూశాను. చూసి కూడా, పోనీలే ఒక్క నిమిషం అనుకున్నాను. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

చల్లన్నం పెట్టొద్దని డాక్టరు చెప్పాడు గనక ఆ పెరుగన్నం పిల్లకి పెట్టలేదు. నేనే తినేశాను. చాలా జాగ్రత్త పడ్డానని అనుకున్నాను కూడా.

మధ్యాహ్నం కోడలు ఆటో దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో కాగితం. "పదకొండు వందల ఇరవై అత్తా," అంది. అని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. కణాలు మళ్ళీ పుట్టాయి, పిల్ల ఒంట్లో బలముంది, తర్వాతి మందు ఎక్కించొచ్చు. అలాంటప్పుడు వదిన వచ్చెళ్ళిన సంగతి ఏమని చెప్పను? గిన్నె కడిగి బోర్లించేశాను.

మూడో రోజున విశాఖపట్నం వెళ్ళాం. డాక్టరు ఎప్పుడూ అడిగేవే అడిగాడు. ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ జ్వరం, దగ్గు, చికెన్‌పాక్స్ ఎవరికైనా ఉన్నాయా అని. లేవండి అంది కోడలు. నేను తన పక్క కుర్చీలోనే ఉన్నాను. చికెన్‌పాక్స్ అంటే అమ్మవారేనని నాకు తెలీక కాదు. తల్లిని తీసుకెళ్ళి దగ్గు పక్కన, జ్వరం పక్కన ఎలా నిలబెడతాను? పైగా తల్లి వెళ్ళిపోయింది కదా, కౌంటు పెరిగింది కదా. నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రమే మందెక్కించారు.

ఆ పెరుగన్నం నాటికి పదిహేనో రోజున పిల్ల కడుపు మీద నీటిపొక్కు కనిపించింది. సాయంత్రానికి ఒళ్ళంతా. ఎక్కించిన మందుకి కౌంటు అప్పటికే పడిపోయి ఉంది. అరవై. ఊపిరితిత్తుల్లోకి పాకింది. విడిగా గదిలో పెట్టారు, కోడల్ని ఒక్కదాన్నే లోపలికి రానిచ్చేవారు. మేం అద్దంలోంచి చూసేవాళ్ళం. ఎవరి దగ్గర అంటిందో తెలుసా అని డాక్టరు అడిగాడట. అప్పుడే తెలిసుంటే ముందుగా వేసే సూదొకటి ఉంది, ఇంతదాకా వచ్చేది కాదు అన్నాడట. కోడలు బయటికొచ్చి, ఎవరూ రాందే ఎలా వొచ్చిందో అని తలబాదుకుంది. మెట్ల దగ్గరికి పిలిచి మొత్తం చెప్పేశాను. గిన్నె, గుండు నిమరడం, చెవి కింద పొక్కులు, అన్నీ.

అరుస్తుందనుకున్నాను.

"పక్కనే కూకున్నావు కదత్తా," అంది. "ఆయన అడిగినప్పుడు నా పక్కనే కూకున్నావు."

నేను తల్లి పేరెత్తబోయాను. ఎత్తనివ్వలేదు.

"అమ్మోరి మీద నాకేటీ కోపం లేదు. నీ మీదే."

ఇరవై మూడు రోజులున్నారు ఆ గదిలో. పిల్ల బతికింది. కౌంటు మాత్రం పెరగనని మొండికేసింది. అరవై, ఎనభై, డెబ్బై, నూట ముప్పై. రెండు మెట్లు ఎక్కి ఒకటి దిగినట్టు. మందు ఆపేయాల్సి వచ్చింది, ఆపిన మందు మళ్ళీ మొదలుపెట్టేసరికి రెండు నెలలు పోయాయి. ఆ రెండు నెలల్లో లోపల ఏం పెరిగిందో, ఏం లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. ఇప్పటికీ చెప్పలేదు. పిల్లకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కోడలు ఆస్పత్రి దగ్గరే ఒక గది అద్దెకి తీసుకుని అక్కడే ఉండిపోయింది. రక్తం చూసిన రోజున మాత్రం నాకు ఫోను చేస్తుంది. లెక్క చెప్పి పెట్టేస్తుంది. దానికే నేను పొద్దుటి నుంచీ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

పోయిన నెల కౌంటు పదిహేను వందలు దాటింది. ఆ రోజు పెట్టేయకుండా, "రా అత్తా, ఒకసారి సూసి ఎల్లు. నిన్నే అడుగుతాది," అంది. ఏడు నెలల తర్వాత. కొత్త చీర తీసి ఉతికి ఆరేసుకున్నాను. పిల్లకి ఇష్టమని వేరుశనగ ఉండలు చుట్టాను. అప్పుడే వేయించి, అప్పుడే చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించాను.

బయల్దేరే రోజు పొద్దున్న లేచేసరికి గొంతులో గరగర. జ్వరం లేదు, దగ్గు లేదు. మంచినీళ్ళు తాగితే సర్దుకుంది కూడా. నా కొడుకు ఆటో పిలుచుకొచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి కోడలికి ఫోను చేశాను.

"గొంతు గరగరగా ఉన్నాదే," అన్నాను.

"మరి రాకత్తా," అంది. కోపంగా కాదు. నెమ్మదిగానే అంది.

డబ్బా కొడుకు చేతికిచ్చి పంపేశాను. ఆటో సందు తిరిగాక, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉందని చూసుకున్నాను. అవతల పిల్ల లాక్కున్నట్టుంది.

"మామ్మా, నువ్వు రావటా? నీ కౌంటు పడిపోనాదా?"

"పడిపోనాదమ్మా," అన్నాను.

"అయితే గదిలోనే ఉండు. బయటికి రాకు," అంది.