అంచు నుంచి పది అంగలు

ఫొటోలతో నేలను కొలవడం నా పని. డ్రోన్ ఎగరేసి ఏటిగట్టును వందల ఫొటోలు తీస్తే, కంప్యూటర్ వాటిని కలిపి గట్టు రూపమంతా కట్టేస్తుంది. అయితే ఏది ఎంత దూరమో ఫొటోకు తెలియదు. అందుకు నేల మీద కదలని గుర్తులు పెట్టి, అవి ఎక్కడున్నాయో కొలిచి ఉంచుకుంటాం. గుర్తులు కదపొద్దని ఊరూరా చెప్పి నా నోరు అరిగిపోయింది. ఆ ఒక్కచోటే చెప్పలేదు.

రాజమండ్రికి దిగువన గోదావరి మధ్య ఒక లంకలో గట్టు కోసుకుపోతోందన్నారు. అంచుకు దగ్గరగా ఉన్నది ఒక్కటే ఇల్లు, ఓ కొబ్బరి రైతుది. వరదకు గట్టు ఎంత తరిగిందో చూసి, రాతికట్ట ఎక్కడ వేయాలో ఆఫీసు తేలుస్తుంది. వేసవిలో వెళ్ళి గుర్తులుగా మూడు తెల్ల బోర్డులు పాతి, కొలిచి, ఫొటోలు తీశాను.

"అంచు నుంచి పది అంగల్లో ఉన్నాయండి. వరద తగ్గాక వస్తాను, కాస్త చూస్తూ ఉండండి" అన్నాను.

"మీరేం బెంగ పెట్టుకోకండి మేడం గారూ, నాకొదిలేయండి" అన్నాడాయన.

వరద తగ్గాక వెళ్తే మూడు బోర్డులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన బోండాం కొట్టిచ్చాడు. నిజానికి బోర్డులున్న చోటును మళ్ళీ కొలవాలి. జీపీఎస్ యంత్రం వేరే జట్టు పట్టుకుపోయింది. ఉన్నచోటే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. బద్ధకం, మరేం కాదు. ఫొటోలు తీసి, పాత కొలతలే వాడితే గట్టు అంగుళం కూడా తరగలేదని వచ్చింది. అలాగే రాసిచ్చేశాను.

రెండు నెలల తర్వాత, ఇంకేదో పని మీద, వరదకు ముందు తీసిన రూపాన్నీ తర్వాతి రూపాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. గట్టు గీతకు గీత కలిసింది. ఇల్లు మాత్రం ఏటి వైపు ఏడు మీటర్లు జరిగి ఉంది. ఓరి దేవుడా! ఇళ్ళెక్కడైనా నడుస్తాయా?

వెంటనే ఫోన్ చేశాను. "బోర్డులు గానీ జరిపారాండీ?"

"జరపకపోతే ఏట్లో కలిసిపోయేవి కదండీ! అంచు విరిగిపడ్డప్పుడల్లా పీకి, మళ్ళీ పది అంగలేసి పాతానండి. మూడుసార్లు. ఓసారైతే జోరువానలోనండి."

అంచుతో పాటే గుర్తులూ వెనక్కి జరిగాయి, అందుకే గట్టు కదలనట్టూ ఇల్లే ముందుకొచ్చినట్టూ కనిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికే కట్టకు కేటాయించిన రాయి ఎగువ లంకకు వెళ్ళిపోయింది. సరిచేసిన నివేదిక పట్టుకుని ఆఫీసులో బతిమాలాను, అరిచాను కూడా. వచ్చే ఏడు చూద్దాం లెండి అన్నారు. ఆ మాట ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లక లంకకే వెళ్ళాను. ఇంటికీ ఏటికీ మధ్య పదకొండు మీటర్లు మిగిలింది. జరిగిందంతా చెప్పాను.

"అయితే నేను జరపబట్టే రాయి రాలేదాండీ?"

"కాదండీ. నేను చెప్పినట్టే మీరు చేశారు. మళ్ళీ కొలవకపోవడం నా తప్పు."

"మరి ఆఫీసులో మిమ్మల్నేమీ అనలేదు కదండీ?"

"అనలేదండీ."

నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. అది ఒప్పుకోవడానికే ఎక్కువ సిగ్గేసింది.

"పోన్లెండి" అంటూ ఆయన గోడకు నిచ్చెన వేశాడు. "వచ్చే వరదకి ఇల్లు ఆగదండి. పెంకులైనా దక్కించుకుంటాను."

చూరు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. నేను కింద నిలబడి ఒక్కో పెంకూ అందుకున్నాను.