జీ అంటే ఒప్పుకోని పెద్దమ్మ

మా పక్క పోర్షన్ పెద్దమ్మ మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. తెల్లాపూర్‌లో కస్టమర్ కోసం కారు ఆపుకొని ఉండగా ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఎవరినీ లేపకుండా, ఎవరినీ పిలవకుండా పెద్దమ్మ ఒక పని చేయడం నాకు తెలిసి ఇదే మొదలు.

ఆమెది జహీరాబాద్ వైపు పల్లె. మియాపూర్‌లో కొడుకు దగ్గర ఉండేది. నాకు చుట్టం కాదు. గల్లీలో అందరికీ పెద్దమ్మే. నా కారెక్కితే ముందు సీటు ఆమెది. దారి చెప్పే ఫోన్ గొంతుతో తగువు పెట్టుకునేది. "ఎడమకు మలుపు అంటున్నవ్, ఆడ గుంత తవ్విండ్రు, సూశినవా?" అనేది. ఆ గొంతు ఊరుకుంటే, "సప్పుడు లేదు సూడు, తప్పు తెలిసింది" అని గెలిచినట్టు నావైపు చూసేది.

మా వెనక ఖాళీ ప్లాటులో బర్మా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం ఒకటి రేకుల షెడ్డులో ఉంటుంది. తండ్రి తుక్కు ఏరి అమ్ముతాడు. ఇనుము, అట్ట, ప్లాస్టిక్, బేరం, అంతవరకే అతని ఉర్దూ. తల్లికి అదీ రాదు. వాళ్ల మూడేళ్ల పిల్ల ఏడ్చినప్పుడల్లా గజ్జలో ముద్దలా ఉబ్బేది. పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని, ఆపరేషన్ చేయాలని గచ్చిబౌలి వైపు ఒక ధర్మాసుపత్రిలో చెప్పారు. చెప్పిన రోజున తల్లి పిల్లకు కడుపునిండా పాలు పట్టి తీసుకుపోయింది. పాలు తాగిన పిల్లకు మత్తు ఇవ్వలేమని వెనక్కి పంపారు.

రెండోసారి నా కారులో వాళ్లతోపాటు పెద్దమ్మ కూడా బయలుదేరింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

డాక్టరు కోస్తా వైపు కుర్రాడు, మంచివాడే. "ఆపరేషన్‌కు ముందు పిల్లకు ఏమీ పెట్టొద్దని తండ్రికి వివరంగా చెప్పానండి. సరే అన్నారు" అన్నాడు.

పెద్దమ్మ తండ్రివైపు తిరిగి ఉర్దూలో అడిగింది. "బిడ్డా, రేపటి సంది నేను మీ ఇంట్లనే ఉంటా. నా చీరెలు నువ్వే ఉతకాలె. సరేనా?"

"జీ" అన్నాడతను.

"ఈ డాక్టర్ సాబు కారు నాకు అమ్ముతవా?"

"జీ."

"సాబుకు గుండు కొట్టిస్తవా?"

"జీ, జీ."

డాక్టరు చెయ్యి తనకు తెలియకుండానే తలమీదికి పోయింది. "ఇదేంటండీ, అన్నిటికీ సరే అంటున్నారు!"

"పోలీసోళ్లకు జీ, ఆఫీసోళ్లకు జీ అనుకుంట ఇంత దూరం బతికొచ్చిండు సారూ. మీకు కాదంటడా? ఊ కొట్టుడు వేరు, సమజ్ అవుడు వేరు. పాలు పట్టేది తల్లి. ఆమెకు చెప్పిండ్రా?"

"ఆవిడ భాష ఇక్కడెవరికీ రాదండి."

"రాకుంటే వచ్చినోళ్లను దేవులాడాలె."

తండ్రి ఫోన్‌లోనే అలాంటి మనిషి నంబరు దొరికింది. పాతబస్తీ అవతల వాళ్ల మనుషులుండే చోట ఒకామెకు రెండు భాషలూ వచ్చు. స్పీకర్ పెట్టారు. డాక్టరు హిందీలో చెబుతుంటే ఆమె తల్లికి చెప్పింది. తల్లి తల ఊపింది.

"తల ఊపుడు నడవది" అంది పెద్దమ్మ. "ఏం సమజైందో నోటితో చెప్పమను. ఏం అడగాల్నో అడగమను."

తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుని ఫోన్ వైపు వంగింది. మొదలుపెట్టాక ఆపితే ఆగలేదు. ఇది కోస్తే పెద్దయ్యాక నా బిడ్డకు పిల్లలు పుడతారా? మత్తులోంచి లేవకపోతే?

"పిల్లలు పుట్టడానికి దీంతో ఇబ్బంది లేదండి" అన్నాడు డాక్టరు. రెండోదానికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "లేవకపోవడం చాలా అరుదు. అసలు జరగదని మాత్రం మాటివ్వలేను. చేయకపోతే మాత్రం ప్రమాదం ఎక్కువ."

ఆ మాట అటు తిరిగి ఇటు వచ్చేసరికి తల్లి పిల్ల జుట్టు రెండుసార్లు దువ్వింది. నిద్రపోయేదాకా బిడ్డ నా చేతుల్లోనే ఉండాలి, అలాగైతే చేయండి, అంది. డాక్టరు ఒప్పుకున్నాడు.

డాక్టరు మళ్లీ ఇచ్చిన తేదీన తల్లి పిల్లను పొద్దున్నుంచి ఏడిపించుకుంటూనే తెచ్చింది, ఒక్క చుక్క పట్టలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపేముందు డాక్టరు తండ్రికి మందులు గబగబా చెప్పి, లేవబోతూ "సమఝ్ గయే?" అన్నాడు.

అతను పెద్దమ్మను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నై" అన్నాడు.

డాక్టరు మళ్లీ కూర్చున్నాడు. తండ్రి లేచి తన కుర్చీని భార్యకు ఇచ్చి, పాతబస్తీ ఆమెకు ఫోన్ కలిపాడు. బయట లైనులో ఉన్నవాళ్లు ఎంతసేపని గొణుగుతున్నారు. పెద్దమ్మ వెళ్లి గుమ్మంలో రెండు చేతులూ అడ్డం చాపి నిలబడింది. "జర ఆగుండ్రి. లోపల తల్లి మాట్లాడుతున్నది."