బిగించని నాలుగు నట్లు

నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో పోశయ్యకు ఒక రేకుల షెడ్డు ఉంది. పంతొమ్మిదేళ్లప్పుడు సిద్దిపేట వైపు నుంచి వచ్చి, ప్లాస్టిక్ బకెట్ల కంపెనీలో మూడేళ్లు పనిచేసి, ఆ వేడి తట్టుకోలేక కార్ల పని నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై రెండేళ్లు. బోర్డు కూడా లేని ఆ షెడ్డును హబ్సిగూడ నుంచీ బోడుప్పల్ నుంచీ మనుషులు వెతుక్కుంటూ వచ్చేవారు.

ఛాయాదేవి తొమ్మిదేళ్లుగా తన కారు ఆయనకే ఇస్తోంది. తార్నాక దగ్గర ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం. ఆగస్టులో ఒక శనివారం ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చమని కారు వదిలి, మధ్యాహ్నం మూడింటికి పదో తరగతి చదివే కూతురు సిరితో వచ్చి తీసుకెళ్లింది.

ఉప్పల్ చౌరస్తా దాటాక ఎడమ పక్క నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఆమె బండి పక్కకు ఆపి ఫోన్ చేసింది. పోశయ్య అప్పుడు మరో కారు కింద ఉన్నాడు. షెడ్డులో సొట్టలు తీసి రంగులు వేసే బామ్మర్ది రంజిత్ ఫోన్ తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టాడు.

“పోశయ్య గారూ, ముందువైపు ఏదో కొట్టుకుంటున్నట్టు చప్పుడొస్తోంది. నడపొచ్చా?”

“కొత్త ప్యాడ్లు కద మేడం, గట్లనే వస్తది. రెండు దినాలల్ల అదే పోతది. ఫికర్ జెయ్యకుండ్రి.”

ఆమె ఆయన మాట నమ్మి కారు కదిలించింది. ఇంకో కిలోమీటరు పోకముందే, సగం కట్టి వదిలేసిన ఫ్లైఓవర్ స్తంభాల పక్కన, ఎడమవైపు ముందు చక్రం ఊడిపోయింది. కారు మూతి రోడ్డుకు తగిలి, పక్కకు తిరిగి సిమెంటు దిమ్మెను గుద్దుకుంది. గుంతల రోడ్డు కావడంతో వేగం లేదు. ఛాయాదేవికి ఏమీ కాలేదు. సిరి ఎడమ మణికట్టు ఎముక విరిగింది.

నాలుగు గంటలకు మళ్లీ ఫోన్ వచ్చింది. “చక్రం ఊడిపోయింది. పిల్లకు దెబ్బ తగిలింది,” అని మాత్రం చెప్పి ఛాయాదేవి పెట్టేసింది.

పోశయ్య చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కుడి చక్రం బాగానే గుర్తుంది. జాకీ దించి, పానా వేసి, కాలితో తొక్కి మరీ బిగించాడు. ఎడమ చక్రానికి నాలుగు నట్లూ చేత్తో తిప్పి పెట్టాడు. ఆ తర్వాత ఏం చేశాడో ఎంత వెతికినా దొరకలేదు. మధ్యలో ఎవరూ పిలవలేదు. గొడవేం జరగలేదు. ఒంట్లో బాగానే ఉంది. మర్చిపోవడానికి ఒక్క కారణమూ కనిపించలేదు.

“బావా, పోతా పోతా ఆమె పెట్రోల్ బంకుల గాలి పెట్టిస్తనన్నది,” అన్నాడు రంజిత్ గొంతు తగ్గించి. “ఆడ ఎవడో చక్రం ముట్టిండని చెప్పు. ఎవడు సూడొచ్చిండు?”

పోశయ్య సరేననలేదు. వద్దని కూడా అనలేదు.

సాయంత్రం ఆస్పత్రికి వస్తానని ఫోన్ చేస్తే ఛాయాదేవి భర్త దామోదర్ ఎత్తాడు. రైల్వేలో ఇంజనీరు. “మీరు రావద్దు. రేపు నేనే వస్తాను,” అన్నాడు.

మరునాడు పొద్దున ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. అందులో కారు ఫొటోలు ఉన్నాయి. కారు చూసిన వేరే మెకానిక్‌తో రాయించుకున్న కాగితం ఉంది. వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి రాసుకున్న ఫిర్యాదు కూడా ఉంది. రాత్రంతా వాదనకు సిద్ధమై వచ్చిన మనిషిలా ఉన్నాడు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, దాన్ని టూల్‌బాక్సు మీద ఉంచాడు.

“చెప్పండి. ఏం జరిగింది?”

రంజిత్ బావ వైపు చూశాడు.

“నేనే బిగియ్యలే సార్,” అన్నాడు పోశయ్య. “చేత్తోని నట్లు పెట్టిన. పానా ఎయ్యలే. గట్లనే బండి ఇచ్చిన.”

దామోదర్ ఫైలు తెరవబోతున్న చేయి ఆగిపోయింది. “ఎందుకు?” అన్నాడు.

“తెల్వదు సార్.”

“తెలీదంటే ఎలా అండీ? నా భార్యా బిడ్డా ఉన్నారు అందులో!”

“సోంచాయిస్తనే ఉన్న సార్. యాదికొస్తలేదు.”

ఆ గొంతులో వణుకు లేదు. ఏ పార్టు మార్చాలో చెప్పేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడాడు. దామోదర్‌కు అదే ఎక్కువ కోపం తెప్పించింది. “అయితే రాసివ్వండి,” అని తెల్ల కాగితం ముందు పెట్టాడు.

ఏడో తరగతి దాకా చదివిన పోశయ్య మెల్లగా రాశాడు. నట్లు బిగించకుండా బండి ఇచ్చానని, తప్పు తనదేనని రాసి సంతకం పెట్టబోయి ఆగాడు. కింద మరో వాక్యం చేర్చాడు: “మేడం ఫోన్ జేసి చప్పుడు వస్తుందంటే, ఆపి పెట్టుండ్రి, నేనొచ్చి చూస్త అనక, నడపమన్న.”

దామోదర్ దాన్ని రెండుసార్లు చదివాడు. “ఈ ఫోన్ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు,” అన్నాడు. రికార్డింగ్ ఆపేసి, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. కారు ఇంకోచోట బాగుచేయిస్తానని, ఆ ఖర్చూ ఆస్పత్రి ఖర్చూ పోశయ్యదేనని చెప్పాడు. పోశయ్య సరేనన్నాడు.

వారం తర్వాత పోశయ్య బోడుప్పల్‌లో వాళ్లింటికి వెళ్లాడు. ఛాయాదేవి తలుపు తీసి, కూర్చోమనకుండా పక్కకు జరిగింది. సిరి సోఫాలో పిండికట్టుతో కూర్చుని ఉంది. ఆ అమ్మాయే పలకరించింది.

“అంకుల్, మా ముందు ఓ చక్రం ఒక్కటే దొర్లుకుంటూ పోతోంది. అయ్యో, ఎవరిదో ఊడిపోయిందే అనుకున్నాం. అప్పుడు మా కారే ఒక పక్కకు ఒరిగింది.”

చెబుతూ సిరి నవ్వింది. ఛాయాదేవి వంటింట్లోకి వెళ్లిపోయింది. పోశయ్య తెచ్చిన పండ్లు బల్లమీద పెట్టి, “తప్పయింది బిడ్డా,” అన్నాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

ఆ రోజుల్లో ఆయన అన్నం మానలేదు. నిద్రా మానలేదు. పొద్దున షెడ్డు తెరిచేవాడు, సాయంత్రం మూసేవాడు. భార్య దుర్గమ్మకు ఆ తీరు చూస్తే భయమేసింది.

“ఆ పిల్ల పానం మంచిగున్నది కద. జర ఏడువు, గుండె తేలికైతది.”

“వస్తలేదు.”

“మరేమనిపిస్తుంది?”

“ఏమనిపిస్తలేదు దుర్గా,” అన్నాడు పోశయ్య, కంచం కడుక్కుంటూ.

దామోదర్ కమిషన్‌కు వెళ్లలేదు. కానీ వాళ్ల కాలనీలో సంగతి తెలిసింది. అక్కడి నుంచి వచ్చే తొమ్మిది కార్లలో రెండే మిగిలాయి. ఎవరైనా వచ్చి మాట్లాడకుండా తమ బండి తీసుకెళ్తే పోశయ్య తాళాలు చేతికిచ్చి పంపేవాడు.

దసరా నాటికి ఆయన ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నాడు. పని అయ్యాక బండి యజమానినే పిలిచి, పానా చేతికిచ్చి, ఒక్కో నట్టూ తిప్పి చూడమనేవాడు. చాలామంది నవ్వేవారు. లెక్కల టీచరు పద్మావతి మాత్రం పదహారు నట్లూ తిప్పి చూసి, “ఒక్కటీ కదలట్లేదు పోశయ్యా,” అని చెప్పింది. ఎవరైనా చప్పుడొస్తోందని ఫోన్ చేస్తే అది ఎందుకో ఇక ఫోన్‌లో చెప్పేవాడు కాదు. “ఆడనే ఆపుండ్రి,” అని స్కూటర్ మీద బయలుదేరేవాడు.

కార్తీకంలో చర్లపల్లి నుంచి ఒక కొత్త మనిషి వచ్చాడు. పని చూపించే ముందు, ఎవరో చెప్పగా విన్నానని, యజమానులతో నట్లు తిప్పించడం ఎందుకని అడిగాడు.

“ఒకపారి బిగియ్యడం మర్షిన. చక్రం ఊడింది. ఒక బిడ్డ చెయ్యి ఇరిగింది,” అన్నాడు పోశయ్య.

ఆ మనిషి ఆయన ముఖంలోకి చూశాడు. మళ్లీ వస్తానని కారెక్కి వెళ్లిపోయాడు.

“గా ముచ్చట చెప్పకుంటే ఏమాయె బావా?” అన్నాడు రంజిత్.

పోశయ్య జాకీ తీసుకుని, లోపల ఆగి ఉన్న కారు కిందికి తోశాడు.