పైకి చూసే నడక

ఆ అమ్మాయిని ఇంట్లో బొమ్మలమ్మాయి అంటారు. వీడియో గేముల్లో మనుషులకి నడక నేర్పే పని ఆమెది. ఒకరు మనిషి బొమ్మని తయారుచేసి పెడితే, అది అడుగెలా వెయ్యాలో, మెట్టెలా ఎక్కాలో, దెబ్బ తగిలితే ఎలా కూలబడాలో ఈవిడ దాని కాళ్లూ చేతులూ కదిపి కూర్చాలి. ఆఫీసులో మాత్రం ఆమె పేరు నత్త. పెట్టినవాడు టీమ్ లీడరు. ఒక్క నడకకి రోజులకి రోజులు తినేస్తుందని వాడి ఏడుపు. వాడికీ ఒక పేరుంది, వాడి చెవిన పడలేదంతే. తర్వాత్చూద్దాం. సెలవడిగితే తర్వాత చూద్దాం, కుర్చీ విరిగిందంటే తర్వాత చూద్దాం. ఆ విరిగిన కుర్చీలోనే ఏడాదంతా ఒక పక్కకి ఒరిగి కూర్చుంది మహాతల్లి.

ఆ ఏడాది మొదట్లో ఆమె వంతుకి ఒక ముసలి కాపలాదారు వేషం వచ్చింది. కోట గేటు తీసి, హీరోకి దారి చూపించి, వెనక్కి వెళ్లిపోయే పెద్దమనిషి. ఈ పనిలో ఉన్నవాళ్లు నడకని ఊహించి చెయ్యరు. ఎవరో ఒకరిని నడిపించి, ఫోన్లో వీడియో తీసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని చేస్తారు. ఆఫీసు వరండాలో ఎప్పుడు చూసినా ఒకడు పాకుతూ ఉంటాడు, ఇంకొకడు వాడి చుట్టూ ఫోను పట్టుకుని తిరుగుతూ ఉంటాడు. కొత్తవాళ్లు చూస్తే పిచ్చాసుపత్రి అనుకుంటారు. సరే, ముసలాయన అనగానే ఆమెకి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు.

నాన్న లైన్‌మన్‌గా చేసేవాడు. కరెంటు స్తంభం మీంచి పడి తుంటి విరిగింది. అతికింది గానీ, ఏదో అతికిందంటే అతికింది. ఎడమకాలు ఈడుస్తాడు, కుడి భుజం ముందుకు తోస్తాడు, కాస్త దూరం పోయాక నొప్పి తట్టుకోలేక ఆగుతాడు. ఆగింది నొప్పికని ఎవరికీ తెలియకూడదు కదా, అందుకని తలెత్తి పైన తీగలకేసి చూస్తాడు, లైను ఎలా ఉందో పరీక్షిస్తున్నట్టు. తీగల్లేని చోటా చూస్తాడు. ఇంట్లో పైకప్పుని కూడా చూస్తాడు. ఒకసారి వీధిలో ఎవరో అది చూసి పకపకా నవ్వారు. ఆ రోజుతో వీధిలోకి నడవడం మానేశాడు.

అలాంటి మనిషి వీడియో అంటే ఒప్పుకుంటాడా? ససేమిరా అన్నాడు. కూతురు వెంటపడి, బతిమాలి, అలిగి, అన్నం మానేస్తానని బెదిరించి, మొత్తానికి ఒప్పించింది. ఒప్పుకుంటూ ఒక్కటే అడిగాడు.

"నవ్వులపాలు చెయ్యవు కదా తల్లీ?"

"నీ మీద ఒట్టు నాన్నా. మర్యాదగల పెద్దాయన వేషం అది."

ఆ నడక మీద ఆమె ప్రాణం పెట్టింది. ఈడ్చే కాలు, తోసే భుజం, ఆగడం, తలెత్తి చూడటం, ఏమీ జరగనట్టు మళ్లీ కదలడం, అన్నీ దించేసింది. తెర మీద ఆ ముసలాయన గేటు దాకా నడిచొస్తుంటే పక్క సీట్లవాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. తర్వాత్చూద్దాం కూడా బాగుందన్నాడు. ఆ సంతోషంలో కాలు నేల మీద ఆనలేదు పిల్లకి, చెయ్యకూడని పని చేసింది. తన ఫోల్డర్లో ఉంచుకోవాల్సిన నడకని అందరి ఫోల్డర్లో పెట్టేసింది. అందులో పడ్డదాన్ని ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, అది అక్కడి పద్ధతి. తెలిసీ పెట్టింది. నలుగురూ చూడాలని పెట్టింది.

ఎండాకాలంలో ముసలాయన వేషం ఎత్తేశారు. కథ మరీ సాగతీతగా ఉందట. ఇంట్లో ఆ మాట చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. అన్నం దగ్గర నాన్న రోజూ అడిగేవాడు, నా ముసలాడు ఎంతవరకు వచ్చాడని. గేటు తీస్తున్నాడు నాన్నా, అనేది. ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

తర్వాత కొన్నాళ్లకి బయటివాళ్లని పిలిచి ఆట ఆడించారు, ఎక్కడ విసుగొస్తోందో చూడటానికి. బొమ్మలమ్మాయి వాళ్ల వెనక నిలబడింది. తెర మీదికి తాగుబోతు దొంగల గుంపు వచ్చింది. వందమంది ఉంటారు. అందరూ ఎడమకాలు ఈడుస్తున్నారు. అందరూ కుడి భుజం తోస్తున్నారు. కాస్త దూరం వచ్చి, అందరూ ఆగి, తలెత్తి ఆకాశంలోకి చూశారు. గదంతా గొల్లుమంది. ఒకడు పక్కవాడి వీపు చరిచి, పైకి చూసినప్పుడు వేసెయ్, అని నేర్పుతున్నాడు.

నేరుగా లీడరు గదిలోకి వెళ్లింది. టైము లేక ఉన్న నడకే గుంపంతటికీ తగిలించామన్నాడు వాడు, పళ్లు కనిపించేలా నవ్వుతూ. వేరే నడక చేసిస్తానంది. తర్వాత చూద్దామన్నాడు. సెలవు రోజుల్లో కూర్చుని, తనే ఇంటి మేడమీద తూలుకుంటూ వీడియో తీసుకుని, మంచి తాగుబోతు నడక చేసి వాడి ముందు పెట్టింది. చూడనైనా చూడలేదు వెధవ. అప్పట్నుంచి వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. వాడొస్తే ఈమె తల తిప్పుకునేది. ఈమె నోరు తెరిస్తే వాడు వాచీ చూసుకునేవాడు. పక్క సీట్లవాళ్లు, అప్పుడు లేచొచ్చి చూసిన ఆ పెద్దమనుషులే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడల్లా కూర్చున్నారు. ఒక్కడికైనా నోరు పెగలాలి కదా. ఆఖరికి అందరి ముందూ నిలదీసింది.

"సార్, అది మా నాన్న నడక."

"మీ నాన్నదని ఎవడికి తెలుసు?"

"మా నాన్నకి తెలుసు."

వాడు గోళ్లు చూసుకుంటూ అన్నాడు, "అందరి ఫోల్డర్లో పెట్టింది నువ్వేగా? జనం నవ్వుతున్నారు, అదే మనకి కావాల్సింది. ఇష్టం లేకపోతే మానెయ్."

మానేసి ఉండాల్సింది. ఉద్యోగం వాడి మొహాన కొట్టి రావాల్సింది. మానలేదు. మధ్యలో వెళ్లిపోయినవాళ్లకి ఈ పనిలో ఇంకెక్కడా చోటు దొరకదని భయం. తను మానేసినా ఆ నడక అక్కడే ఉంటుంది కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఇంటికెళ్లి, గేటు తీస్తున్నాడు నాన్నా, అని మళ్లీ చెప్పింది.

ఏడాది చివర్లో ఆట విడుదలైంది. ఆ ఆదివారం అమ్మ ఫోన్లోకి దాని ప్రకటన వచ్చింది. అమ్మకేం తెలుసు పాపం, మన పిల్ల చేసిన ఆట అంటూ మురిసిపోతూ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. బొమ్మలమ్మాయి తలుపు దగ్గరే కొయ్యబారిపోయింది. ప్రకటన నిండా ఆ గుంపే. ఈడుస్తారు, ఆగుతారు, పైకి చూస్తారు, టపటపా పడతారు. వెనకాల ఎవరో నవ్వుతుంటారు. మొహం వాడిపోయిన అమ్మ ఫోను లాక్కోబోయింది. ఆయన ఇవ్వలేదు. మొదట్నుంచీ మళ్లీ చూశాడు.

"గేటు తీసే ముసలాయన ఏడమ్మా?"

"తీసేశారు నాన్నా. ఎప్పుడో తీసేశారు."

ఆయన తలాడించాడు. "వీళ్లని ఎప్పుడు కొట్టాలి?"

ఆమె ఏడుస్తోంది. "పైకి చూసినప్పుడు."

ఆయన ఫోను బల్ల మీద పెట్టి లేచాడు. లోపలి గదికేసి నడిచాడు. సగం దూరంలో నొప్పి పట్టేసి ఆగాడు. అలవాటు కొద్దీ తల పైకి లేవబోయింది. లేవబోయి ఆగింది. మెల్లగా దించుకుని, కుర్చీ వెన్ను రెండు చేతులా పట్టుకుని, నేలకేసి చూస్తూ రొప్పుతూ నిలబడ్డాడు. కూతురు పట్టుకోవడానికి పరిగెత్తింది.

"నువ్వు అటు తిరుగు తల్లీ," అన్నాడు.

ఆమె గోడకేసి తిరిగి నిలబడింది. ఈడ్చిన కాలి చప్పుడు గది దాకా వెళ్లింది, తలుపు పడింది.