దానమ్మ క్యారేజీ

రేపల్లెలో దానమ్మ చేతి వంట తిన్నవాళ్లెవరూ సగం కడుపుతో లేచింది లేదు. పొలం పనికి పోయి వచ్చి కూడా నలుగురికి వండిపెట్టే మనిషి. అలాంటిది, కన్నకొడుక్కి తిండి పెట్టడం తనకు చేతకాలేదని కుమిలిపోయేది.

కొడుకు యాకోబుకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతూ గొడుగులు బాగుచేసేవాడు. తొంభైల్లో బాపట్లలో ఏటా ఆ బండ్లకు పందెం జరిగేది. ఒక్కసారైనా గెలవాలని వాడి పట్టుదల. ప్రతిసారీ సగం దూరం అందరికన్నా ముందుండేవాడు. ఆ తర్వాత చేతులు లేచేవి కావు.

"కండ ఉందిగానీ సత్తువ లేదండి," అనేవారు చూసొచ్చినవాళ్లు. ఆ మాట దానమ్మ గుండెల్లో గుచ్చుకునేది. మరుసటి ఏడు క్యారేజీలో ఇంకో గుడ్డు, ఇంకాస్త నెయ్యి చేరేవి. అయినా అదే ఓటమి. చివరికి ఉండబట్టలేక, నడుం నొప్పిని కూడా లెక్కచేయకుండా ఒక ఏడు మళ్లీ తనే వెంట వెళ్లింది.

పందెం మొదలయ్యే ముందు యాకోబు క్యారేజీ మూతైనా తీయకుండా పక్క బండిలోని సీమోను చేతికిచ్చేశాడు. గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. సీమోను సుబ్బరంగా తిన్నాడు. వాడే గెలిచాడు.

"నా కూడు నీకు చేదైందేంట్రా?" అంది దానమ్మ, కళ్లనీళ్లు కుక్కుకుంటూ.

యాకోబు తల వంచుకున్నాడు. "తింటే దొడ్డికెళ్లాల్సొస్తదమ్మా. నీళ్లు తాగినా అంతే. ఆ దొడ్డి మెట్లెక్కించి నన్ను కూర్చోబెట్టేదెవరు? సీమోనుకైతే పెళ్లాం ఉంది."

"ఎవర్నైనా అడగొచ్చు కదరా!"

"రైలెక్కించమని అడుగుతా. దీనికెట్టా అడగనమ్మా?"

"నేను చచ్చానా?"

"నన్ను మోసే కదా నీ నడుం పోయింది."

నిజమే. తొలి ఏడు పందేనికి వస్తూ తెనాలిలో రైలు మారేటప్పుడు, వాణ్ణి ఎత్తుకుని వంతెన మెట్లు దిగుతుంటే పట్టేసిన నడుం అది. వాడు అప్పటినుంచీ పస్తుండే పోటీకి దిగుతున్నాడు. ఆ సంగతి తెలియక ఆ పిచ్చితల్లి క్యారేజీలో గుడ్లు పెంచుకుంటూ పోయింది.

మరుసటి ఏడు పందెం రోజున దానమ్మ పొయ్యి వెలిగించలేదు. వాడు ఓడిపోతాడని ఆమెకు తెలుసు. ఎందుకు ఓడిపోతాడో కూడా తెలుసు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు తిన్నావా అని అడిగే నోటికి ఆ పొద్దు ఆ మాట రాలేదు.

"ఇంటికొచ్చాక తిందువుగానిలే నాయనా," అంది.