సుగుణత్త చెప్పిన సర్కారు మాట

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి జిరాక్స్ దుకాణం ముందు నుంచి నడిచినప్పుడల్లా, మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వెచ్చటి వాసన ముక్కుకు తగిలి, పంజాగుట్ట వెనక సందులోని మా పాత ఇంటి వరండాలోకి వెళ్లిపోతాను.

వానాకాలం సాయంత్రాలు ఎదురింటి ముసలమ్మ బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తుంటే, మేం ఆడపిల్లలం పెంకు ముక్కతో గళ్లు గీసుకుని తొక్కుడు బిళ్ల ఆడుతుండగా, మా నాన్న అక్క సుగుణత్త ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని పేము కుర్చీలో కూర్చునేది. ఆమె కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. రాత్రిళ్లు నేను ఆమె పక్కనే, కొబ్బరినూనె వాసన వేసే ఆ జడ పట్టుకుని పడుకునేదాన్ని. ఆమె కూర్చున్న కాసేపటికి సనత్‌నగర్ కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు, బోరబండ కూలీలు ఒక్కొక్కరే గేటు తీసుకుని వచ్చేవాళ్లు. వాళ్ల చేతుల్లో పీఎఫ్ నోటీసులు, పింఛను ఉత్తర్వులు, పాస్‌పోర్టు జాబులు, అన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండేవి. అత్త ప్రతి కాగితాన్నీ పెదవులు కదపకుండా రెండుసార్లు చదివి, ఒళ్లో బోర్లించి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెప్పేది. కాగితంలోని ఒక్క పెద్ద మాటా ఆమె నోట వచ్చేది కాదు.

ఒకనాడు రైల్వే గ్యాంగ్‌మన్ భార్య నర్సమ్మ వచ్చింది. భర్త పోయాక ఆ పింఛనే ఆమెకు ఆధారం. దాన్ని ఎందుకు ఆపకూడదో చెప్పమని నోటీసు వచ్చిందట. చదివిన ఎవరో కేసు పెడతారని భయపెడితే, తిండి మానేసి, ఊరికి పోదామని బట్టలు కూడా మూట కట్టుకుందట. అత్త చదివి కాగితం ఒళ్లో పెట్టుకుంది.

“నువ్ బతికే ఉన్నవా అని అడుగుతున్నరు నర్సమ్మా, అంతే. ఆఫీసుకు పోయి జర కనవడి రా.”

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. కొన్నాళ్లకు పింఛను మళ్లీ వస్తోందని, బతుకమ్మకు చేసిన నువ్వుల సద్ది గిన్నె నిండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు అత్త సెలవు పెట్టి, అమ్మతో కలిసి అచ్చును పిండిలో ముంచి గులాబీ పువ్వులు వేయిస్తోంది. ఇల్లంతా యాలకుల వాసన. మధ్యాహ్నం ఆఫీసు మనిషి కవరొకటి ఇచ్చి వెళ్లాడు. అత్త పొయ్యి దగ్గరే నిలబడి చదివింది. మళ్లీ చదివింది. అచ్చు నూనెలోనే ఉండిపోయి పువ్వు నల్లబడింది. నేను వెళ్లి కొంగు పట్టుకున్నాను.

“ఏం రాసిండ్రత్తా?”

ఆమె కాగితం బోర్లించి నా ముఖంలోకి చూసింది. “నన్ను జబల్‌పూర్ పొమ్మంటున్నరు బిడ్డా. పోకుంటే నౌకరీ ఉండదు.”

“మళ్లెప్పుడొస్తవ్?”

“గా మాట ఇందుల రాయలే.”

కొత్త సంవత్సరం ప్రార్థన అయిన వారానికే ఆమెను రైలెక్కించాం. ఆ తర్వాత కూడా చాలా రోజులు సాయంత్రాలు గేటు చప్పుడయ్యేది. అత్త లేదని అమ్మ చెబితే, కాగితం మళ్లీ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగే వాళ్లను చూడలేక నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. అత్త సెలవుల్లో చుట్టంలా వచ్చి పోయేది. పూర్తిగా తిరిగొచ్చింది రిటైరయ్యాకే. అప్పటికి నాకు పెళ్లయింది, నోటీసులు ఫోన్లలోకి వచ్చేశాయి. అయినా సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని, గేటు బార్లా తీయించి వరండాలో కూర్చునేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. చలిపెడుతోందని అమ్మ పిలిస్తే లేచేది.

ఆమె పోయింది. ఆ ఇంటి చోట ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టల్ ఉంది. సర్కారు కాగితాలను ఫోనే తెలుగులో చదివి వినిపిస్తోంది, నేనూ వింటున్నాను. కానీ అప్పట్లో మాట అర్థమయ్యాక కూడా అత్త దగ్గరికి వచ్చినవాళ్లు వెంటనే లేచేవాళ్లు కాదు. భయం దిగిన ఒంటితో మెట్ల మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ, పిల్లల సంగతో వాన సంగతో మాట్లాడేవాళ్లు, చీకటి పడేదాకా.

ఇప్పుడు విన్న వెంటనే ఫోను పక్కన పెట్టేస్తాను. చాయ్ ఒక్కదాన్నే తాగుతాను.